ఒక పొక్క – రెండు ఇరుసులు

సావనీరుకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు కవిత్వం ఆశించారేమో తెలియదు. నాకు కవిత్వం రాదు. వచ్చినదాని గురించే రాస్తాను.

మన ఫిజిక్సు ల్యాబులో సీఆర్‌ఓ ముందు నిలబడి రికార్డులోకి అంకెలు ఎక్కించని సైన్సు విద్యార్థి వుండడు. దాని ముఖాన వోల్ట్స్ పర్ డివిజన్ అని ఒక పెద్ద నాబు వుంటుంది. దాని నడినెత్తిన ఇంకొక చిన్న నాబు కూర్చుని వుంటుంది. పెద్దదాన్ని తిప్పితే టక్కు టక్కుమని మెట్లు మెట్లుగా కదులుతుంది. చిన్నది చప్పుడు లేకుండా జారుతుంది. చిన్నది క్యాల్ గుర్తు దగ్గర వున్నప్పుడే పెద్దదాని అంకెలు నమ్మాలని లెక్చరరు గారు మొదటి రోజే చెబుతారు. మనం వింటాం, పరీక్షదాకా గుర్తుంచుకుంటాం. కానీ ఒకే చోట నుంచి రెండు నాబులు ఒకదాన్నొకటి కదిలించకుండా ఎలా తిరుగుతున్నాయని అడిగినవాడు మా బ్యాచిలో కనిపించలేదు. నేనూ రెండో సంవత్సరం దాకా అడగలేదు.

సంగతి పెద్దదేమీ కాదు. గోడగడియారంలో గంటల ముల్లూ నిమిషాల ముల్లూ ఒకే చోట నుంచి తిరగడం లేదా? గంటల ముల్లు ఒక గొట్టానికి తగిలించి వుంటుంది, ఆ గొట్టంలో నుంచి నిమిషాల ముల్లు ఇరుసు బయటికి వస్తుంది. ఇదీ అంతే. బయటి ఇరుసు పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్ల గొట్టం. లోపలిది అంగుళంలో ఎనిమిదో వంతు, 3.2 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ, గట్టి కడ్డీ. బయటి గొట్టం ముందున్న స్విచ్చినో, పొటెన్షియోమీటరునో తిప్పుతుంది. లోపలి కడ్డీ దాన్ని దాటుకుని పోయి వెనక వున్న రెండోదాన్ని తిప్పుతుంది. లెక్కల పుస్తకంలో ఏకకేంద్ర వృత్తాలని చదువుకున్నవి ఇక్కడ ఇత్తడిలో కనిపిస్తాయి.

చోటు తక్కువ, పని ఎక్కువ అయిన ప్రతిచోటా వీటిని వాడారు. పాత కారు రేడియోల్లో డ్యాష్‌బోర్డుకు రెండే పొక్కలు; ఒక్కొక్క పొక్కలో నుంచి రెండేసి నాబులు. 1960లో ఫెండర్ కంపెనీ జాజ్ బేస్ అనే గిటారును మొదట ఇలాంటి జంట నాబులతోనే తెచ్చింది, కొద్ది కాలానికే వాటిని తీసేసి మూడు విడి నాబులు పెట్టింది. వాయించేవాడి చెయ్యి ఒకటి తిప్పబోయి రెండోదాన్ని కదిలిస్తుందనే ఫిర్యాదు ఈ జంట నాబుల మీద ఎప్పుడూ వున్నదే. అది నిజమైన ఫిర్యాదు. దానికి మందేమిటో తర్వాత చెబుతాను.

నాకు వీటితో పని పడింది మా నాయినమ్మ వల్ల.

మా యింట్లో ఒక వాల్వు రేడియో పెట్టె వుంది. రేడియోకు లైసెన్సు కట్టవలసిన రోజుల్లో మా తాత నిజామాబాద్ మార్కెట్‌లో పసుపు అమ్మి, ఆ డబ్బుతో కొని, బస్సులో వొళ్లో పెట్టుకుని తెచ్చాడట. ఆ సంవత్సరం పసుపు ధర బాగుందని నాయినమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆ తర్వాతి సంవత్సరాల గురించి చెప్పదు. పెట్టె వట్టి పెట్టెగా మిగిలి చాలా కాలమైంది. లోపల వాల్వులు లేవు, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. స్పీకరు మాత్రం బతికే వుంది. మా బాపు దాన్ని రెండుసార్లు పాత సామాన్లవాడి బండి ఎక్కించబోతే రెండుసార్లూ నాయినమ్మ అడ్డం పడ్డది.

ఆమెకు చెవులు మందగించాయి. మందగించడమంటే చప్పుడు వినపడకపోవడం కాదు. "ఇనవడ్తది బిడ్డా, సమజ్ అయితలేదు" అనేది. అందరూ గొణుగుతున్నారని ఆమె కోపం. ఇది చదువుకున్నవారికి తెలిసిన విషయమే: వయసుతో మొదట పోయేది పై స్థాయి శబ్దాలు. అచ్చుల బలం కింది స్థాయిలో వుంటుంది కనుక అవి నిలుస్తాయి. స, శ, చ, త వంటి హల్లులను ఒకదాని నుంచి ఒకటి వేరు చేసే గుర్తులు ఎక్కువగా 2000 హెర్ట్జ్‌కు పైన వుంటాయి కనుక అవి చెరిగిపోతాయి. పాలు, కాలు, చాలు మూడూ ఒకటే 'ఆలు' అవుతాయి. టీవీ ధ్వని పెంచితే ఆ ఆలు ఇంకా పెద్ద ఆలు అవుతుంది తప్ప పాలు కాదు. పెంచినందుకు అమ్మతో గొడవ. చెవి మిషను తెచ్చి ఇస్తే కీచుమంటున్నదని బీరువాలో పెట్టింది. తాత పోయిన తర్వాత ఆమె క్రమంగా నలుగురిలో కూర్చోవడం మానేసింది. పిలిస్తే వచ్చేది, మాట అర్థం కాకపోయినా తల వూపేది. ఆ తల వూపడం చూడలేక మొదలుపెట్టిన పని ఇది.

బాపు ఒక మాట అన్నాడు: "అయిదు వందలకు బ్లూటూత్ డబ్బ దొర్కుతది గదరా, గింత గోస ఎందుకు?" న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ డబ్బా మీద ట్రెబుల్ పెంచే నాబు వుండదు. వున్న బొత్తాలు మినపగింజంత. నాయినమ్మ చేతివేళ్లు నాట్లువేసి, కలుపుతీసి, పసుపు కొమ్ములు రాసి వంకరపోయినవి. కళ్లకు శుక్లాల ఆపరేషను అయింది కానీ గీతలూ గుర్తులూ చదవలేదు. ఆమె చెయ్యి చీకట్లో కూడా పోగలిగిన చోటు యింట్లో ఒక్కటే వుంది, ఆ పెట్టెకు ఎడమపక్క నాబు.

ఆ పెట్టెకు ముందు రెండే పొక్కలు. నాకు కావలసినవి నాలుగు: ధ్వని, ట్రెబుల్, బేసు, ఏది వినాలో ఎంచుకునే స్విచ్చి. ఇంకో రెండు పొక్కలు కొట్టడం డ్రిల్లుతో రెండు నిమిషాల పని. నాయినమ్మ నా చేతిలో డ్రిల్లు చూసి, "ఓరి కొడుకా, నీ సదువు సల్లగుండ, మీ తాత పెట్టెకు పొక్క పొడువకు" అన్నది. అక్కడితో చర్చ ముగిసింది. నాలుగు పనులు, రెండు పొక్కలు.

ఎర్రగడ్డ ఆదివారం అంగడికి మీరు పోయి వుంటే తెలుస్తుంది, అక్కడ పనికిరాని వస్తువు వుండదు, పని చేసే వస్తువూ తక్కువే. మూడో ఆదివారం అక్కడ నాకు ఒక సీఆర్‌ఓ కళేబరం దొరికింది. తెర పగిలింది, మూత లేదు. కానీ అది రెండు చానళ్లది. రెండు చానళ్లు కనుక రెండు జంట నాబులు, అచ్చం ఒకే రకానివి. ముందు పన్నెండు మెట్ల స్విచ్చి, వెనక పొటెన్షియోమీటరు. పన్నెండే ఎందుకంటే 5 మిల్లీవోల్టుల నుంచి 20 వోల్టుల దాకా 1–2–5 వరసలో లెక్కపెడితే సరిగ్గా పన్నెండు మెట్లు వస్తాయి, కావాలంటే చూసుకోండి. రేడియో మెకానిక్కులు ఈ రకం స్విచ్చిని బ్యాండ్ స్విచ్ అంటారు. నాలుగు వందలు చెప్పి రెండు వందల యాభైకి ఇచ్చాడు. మిగతా చిల్లర సామాను కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నాను.

ఇక అసలు ఆలోచన ఇక్కడ. ఏ పని బయటి నాబుకు, ఏ పని లోపలి నాబుకు? మామూలుగా ఎవరైనా ధ్వనిని పొటెన్షియోమీటరుకు, ఎంపికను స్విచ్చికి ఇస్తారు. కానీ ఈ జంటలో పొటెన్షియోమీటరు లోపలి చిన్న నాబుది. నాయినమ్మ వేళ్లకు చిన్న నాబు దొరకదు. రోజూ పదిసార్లు తిప్పేది ధ్వని. అది పెద్ద నాబుకే రావాలి. పెద్ద నాబు స్విచ్చిది. అందుకని ధ్వనినే మెట్లుగా మార్చాను. ఒకసారి చెవికి కుదిరిన తర్వాత నెలల తరబడి ముట్టుకోనక్కరలేని ట్రెబుల్‌ను లోపలికి పంపాను. సీఆర్‌ఓ చేసినవారి ఆలోచనా అదే కదా: తరచూ తిప్పేది బయట, ఒకసారి సరిచూసి వదిలేది లోపల.

మెట్ల లెక్క కొంచెం చెప్పుకోవాలి. చెవి కూడికలు చెయ్యదు, గుణకారాలు చేస్తుంది. ధ్వని సమానంగా పెరిగినట్టు అనిపించాలంటే ప్రతి మెట్టుకూ వోల్టేజి ఒకే రెట్టు పెరగాలి. అందుకే బజారులో దొరికే వాల్యూమ్ కంట్రోలు లాగ్ రకం. సగం తిప్పినా నిరోధం పదో వంతో, ఏడో వంతో మాత్రమే దాటుతుంది. నేను మెట్టుకు 4 డెసిబెల్స్ పెట్టుకున్నాను. అంటే ఒక్కో మెట్టు దిగితే వోల్టేజి 0.63 వంతు అవుతుంది. మొదటి మెట్టు నిశ్శబ్దం. పైన పదకొండు మెట్లు, మొదటిదానికీ చివరిదానికీ 40 డెసిబెల్స్ తేడా, వోల్టేజిలో వంద రెట్లు. మొత్తం నిరోధం లక్ష ఓములు అనుకుంటే రెసిస్టర్లు పైనుంచి కిందికి 36, 24, 15, 9.1, 5.6, 3.6, 2.4, 1.5 కిలో ఓములు, ఆపైన 910, 560 ఓములు, అడుగున 1000 ఓములు. ఇవన్నీ దుకాణంలో దొరికే విలువలే. కూడితే 99.67 కిలో ఓములు. లక్షకు అంత దగ్గరగా రావడం చూసి ఆ రాత్రి హాస్టలులో ఒక్కణ్ణే సంతోషించాను. రూమ్మేటుకు చెబితే దుప్పటి ముసుగేసుకున్నాడు.

స్విచ్చిల్లో రెండు రకాలున్నాయి. ఒకటి కొత్త మెట్టును పట్టుకున్నాకే పాతదాన్ని వదిలేది, రెండోది పాతదాన్ని వదిలాక కొత్తదాన్ని పట్టుకునేది. ధ్వని మెట్లకు మొదటి రకం మంచిది, లేకుంటే మెట్టు మారేటప్పుడు యాంప్లిఫయరు ఒక క్షణం గాలిలో వేలాడి టప్పుమంటుంది. ఎంపిక స్విచ్చికి రెండోదే మంచిది, లేకుంటే రెండు పాటలు ఒక క్షణం కలుస్తాయి. మల్టీమీటరు బజరు పెట్టి పక్కపక్క మెట్లను కలిపి పట్టుకుని మెల్లగా తిప్పితే మన చేతిలోది ఏ రకమో తెలుస్తుంది. నాకు దొరికినవి రెండూ వదిలి పట్టుకునే రకం. అందుకని ధ్వని స్విచ్చి నడిమి కాలు నుంచి భూమికి 10 లక్షల ఓముల రెసిస్టరు ఒకటి వేశాను. స్విచ్చి గాలిలో వున్న క్షణంలో కూడా యాంప్లిఫయరుకు కాలు మోపే చోటు వుంటుంది.

వెనక వున్న పొటెన్షియోమీటర్ల విలువ నాకు పనికివచ్చేది కాదు. ట్రెబుల్, బేసులకు నేను పెట్టినది బాక్సాండల్ పద్ధతి. పీటర్ బాక్సాండల్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1952లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ప్రకటించాడు. డెబ్బై ఏళ్లు దాటినా ఇంకా వాడుతూనే వున్నారు. దానికి లక్ష ఓముల లీనియర్ రకం కావాలి. పాతవి విప్పి కొత్తవి పెడదామంటే కొత్తదాని ఇరుసు 6 మిల్లీమీటర్లు, లోపలినుంచి వచ్చే కడ్డీ దాంట్లో సగం. రెంటినీ కలపడానికి ఇత్తడి బుష్షు కావాలి. జగిత్యాలలో పంపుసెట్ల సామాను తోడే లేతు దుకాణానికి పోయాను. చెయ్యవలసింది కాగితం మీద గీసి ఇచ్చాను. అతను దాన్ని అటూయిటూ తిప్పి చూసి, "గిది ఏ మోటర్ది తమ్మీ?" అన్నాడు. "మోటర్ది కాదన్నా, పాటలది" అన్నాను. నవ్వి, ఒక పక్క సన్నరంధ్రం, ఒక పక్క పెద్దరంధ్రం, రెండూ ఒకే కేంద్రం మీద తోడి ఇచ్చాడు. ఆ ఒకే కేంద్రమే ముఖ్యం. బుష్షు రంధ్రం పావు మిల్లీమీటరు పక్కకు పోయినా సన్నకడ్డీ గొట్టంలో ఒరుసుకుంటుంది. చిన్న నాబు తిప్పితే పెద్ద నాబు వణుకుతుంది. బిగించేటప్పుడు కూడా ముందు బుష్షు స్క్రూలు బిగించి, పొటెన్షియోమీటరు పట్టీని వదులుగా వుంచి, కడ్డీని తిప్పుతూ ఎక్కడ తేలికగా తిరుగుతుందో అక్కడ పట్టీని బిగించాలి. ఎడ్లబండి ఇరుసుకు చక్రం ఎక్కించేటప్పుడు బాపు తిప్పి చూసి, విని, మళ్లీ తిప్పి చూస్తాడు. అదే పద్ధతి.

రెసిస్టర్ల సోల్డరింగు అంతా స్విచ్చి చేతిలో వుండగానే కావాలి. పెట్టెలో బిగించాక ముందు పళ్లెం కాళ్లకు ఏ ఇస్త్రీపెట్టె మొనా చేరదు. (మా వూళ్లో సోల్డరింగు ఐరన్‌ను ఇస్త్రీపెట్టె అనే అంటారు పిల్లలు.)

పెట్టె పలక దగ్గర ఇంకో చిక్కు. స్విచ్చి మెడకు మరలున్న భాగం 8 మిల్లీమీటర్లు. పెట్టె చెక్కే అంత మందం. నట్టుకు చోటేదీ? పాత రేడియోల్లో కంట్రోళ్లను చెక్కకు బిగించరు, లోపలి చాసిసుకు బిగిస్తారు, ఇరుసులు మాత్రం చెక్కలోంచి బయటికి వస్తాయి. నేనూ 2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు కోసి, పాత చాసిసు స్క్రూల రంధ్రాలకే తగిలించాను. రేకు మీద రంధ్రం చెక్క పొక్కకు సరిగ్గా నడుమ రావాలి. దానికి ఒక చిన్న ఉపాయం: పెన్సిలుకు టేపు చుట్టుకుంటూ పోయి చెక్క పొక్కలో బిర్రుగా పట్టేలా చేసి, ముందునుంచి నెట్టి తిప్పితే పెన్సిలు ముల్లు రేకు మీద కేంద్రాన్ని గుర్తు పెడుతుంది. ఆ గుర్తు మీద ముందు 3 మిల్లీమీటర్ల పొక్క, తర్వాత రీమరుతో పదికి పెంచడం. స్విచ్చి ముఖాన ఒక చిన్న కొమ్ము వుంటుంది. చాలామంది అడ్డమని విరిచేస్తారు. అది తిరగకుండా ఆపే కొమ్ము. దానికి రేకులో వేరే చిన్న రంధ్రం పెట్టాలి. లేకుంటే కొన్నాళ్లకు నట్టు వదులై నాబుతోపాటు స్విచ్చి మొత్తం తిరిగి వైర్లు తెగుతాయి. రేకును భూమి తీగకు కలపడం మరవకూడదు. ఇరుసులు లోహం కదా, కలపకపోతే నాబు స్క్రూకు వేలు తగలగానే పెట్టె గుయ్యిమంటుంది.

ఇప్పుడు ఆ పాత ఫిర్యాదు, ఒకటి తిప్పితే రెండోది కదలడం. కారణాలు రెండే. ఒకటి, రెండు ఇరుసుల మధ్య పాత గ్రీజు ఎండి జిగురుగా మారడం. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడిగి, చీపురుపుల్ల మొనతో కొత్త గ్రీజు కొంచెమే పెట్టాలి. బాపు బండి కందెన డబ్బా తెచ్చి ఇవ్వబోయాడు కానీ, అది ఎడ్లబండికే తగును. రెండోది, పైనాబు అడుగు కిందినాబు నెత్తిన రాసుకోవడం. పైనాబు బిగించేటప్పుడు రెంటి మధ్య పెళ్లిపత్రిక ముక్క ఒకటి పెట్టి, స్క్రూ బిగించి, ముక్కను లాగేస్తే సరిపోయే సందు మిగులుతుంది.

పెద్ద నాబులు టేకుతో మా వూరి వడ్ల ఆయన చేశాడు, అరచేతిలో పట్టేటంత, అంచుకు గాట్లు పెట్టి. చిన్న నాబులుగా తాత కాలపు నాబులనే పెట్టాను. రంగు కొంచెం పసుపుబారింది, బాగానే కుదిరింది. వాటి రంధ్రం పావు అంగుళం కనుక లోపల సన్న ఇత్తడి గొట్టం తొడిగాను. లోపల 2030 ఐసితో యాంప్లిఫయరు, పెన్‌డ్రైవూ బ్లూటూతూ వున్న చిన్న బోర్డు. వాటి గురించి రాయడానికేమీ లేదు, అందరూ చేసేవే. అన్నట్టు, బోర్డు నుంచి వచ్చే కుడి ఎడమ తీగలను ఒకే స్పీకరుకు కలపాలంటే నేరుగా ముడివెయ్యకూడదు, ఒక్కొక్కదానికి ఒక రెసిస్టరు అడ్డం పెట్టి కలపాలి.

దసరాకు పెట్టె యింటికి పోయింది. పెన్‌డ్రైవులో మల్లన్న కథ వేశాను. ఒగ్గు కథ అంటే తెలిసినవారికి తెలుసు, డోలు దెబ్బ కింద మాట మునిగిపోతుంది. కుడిపక్క చిన్న నాబుతో బేసు తగ్గించాను, డోలు వెనక్కి పోయింది. ఎడమపక్క చిన్న నాబుతో ట్రెబుల్ పెంచుతూ పోయాను. మాకందరికీ తాళాలు చెవుల్లో గుచ్చుకుంటున్నాయి, మా చెల్లె చెవులు మూసుకుంది. నాయినమ్మ ముఖంలో ఏమీ లేదు. ఇంకొంచెం తిప్పాను. అప్పుడు కథకుడు ఒక పదం అన్నాడు, ఆమె అతనికంటే ముందు తర్వాతి పదం అన్నది. ఆ చిన్న నాబును అక్కడే వదిలేశాను. ఇప్పటికీ అక్కడే వుంది.

ధ్వని ఆమె ఏడో మెట్టు మీద వింటుంది. లెక్కపెట్టుకుంటుంది, సున్నా నుంచి ఏడు టక్కులు. చెల్లె చదువుకునేటప్పుడు అయిదు. బాపు ఒకరోజు ఫోనులో, "అత్తాకోడండ్ల పంచాయితి ఇప్పుడు అయిదా ఏడా అన్నకాడికి వచ్చింది" అన్నాడు.

కుడిపక్క ఎంపిక స్విచ్చికి పన్నెండు మెట్లు అక్కరలేదని ఆపుడు వాచరు మార్చి మూడుకు కుదించాను. ఒకటి పెన్‌డ్రైవు, రెండు చెల్లె ఫోను, మూడోదానికి ఏమీ కలపలేదు, ముందుముందు టీవీ తీగ కలుపుదామని ఖాళీగా వుంచాను. సంక్రాంతికి పోయినప్పుడు ఆ తీగ పట్టుకుని వెళ్లాను. నాయినమ్మ వొద్దన్నది. పక్కింటివాళ్లు ఎవరైనా వచ్చి మాట్లాడితే ఆమె కుడి నాబును ఆ ఖాళీ మెట్టుకు తిప్పి, వాళ్లు పోయాక మళ్లీ ఒకటికి తెస్తుందట. ఏడును కదిలించే పని లేదు. "గా మూడోది గట్లనే వుండనియ్యి, అండ్ల ఏం వెట్టకు" అన్నది. తీగ హాస్టలుకు తిరిగి తెచ్చాను.